కుచ్చు లేని దండ

మా రూతు పిన్ని ముఖం మీరు చూసే ఉంటారు. కొన్నేళ్ల కిందట, ఒక ఎన్నికల వేసవిలో, ఏ టీవీ పెట్టినా ఏ సెంటర్లో తలెత్తినా ఒకటే బొమ్మ. ఒక ముసలావిడ ఓ పెద్ద నాయకుడి మెడలో తెల్లటి పూలదండ వేసి ఏడుస్తుంటుంది. ఆయన తన కండువా అంచుతో ఆవిడ కళ్లు తుడుస్తుంటాడు. కింద "ఈ తల్లి దీవెన చాలు" అని పెద్ద అక్షరాలు. ఆ తల్లే మా రూతు పిన్ని. నిజానికి అప్పటికి ఆవిడ ముసలావిడేం కాదు, ఎండలో పనిచేసిన మనిషి, అంతే. టీవీ వాళ్లు అవ్వ అన్నారు కాబట్టి అవ్వ అయిపోయింది.

ఆ నాయకుడు ఎవరు, ఏ పార్టీ అని నన్నడగకండి. రాష్ట్రంలో ఆ పార్టీకి అధ్యక్షుడు, అంతవరకు చాలు. అందరూ అధ్యక్షుల వారు అంటారు, నేనూ అలాగే అంటాను. నేను చెప్పబోయేది ఆయన కథ కాదు. ఆయన కథ చెప్పడానికి కెమెరాలతో సహా బోలెడు మంది ఉన్నారు. రూతు పిన్ని కథ చెప్పడానికి నేనొక్కదాన్నే ఉన్నాను, నాకున్నది కుట్టు మిషను.

మాది కడియానికి కూతవేటు దూరంలో, కాలవ గట్టున ఉన్న పేట. ఇటు లూథరన్ చర్చి, అటు కనుచూపు మేర నర్సరీలు. మా వీధిలో సగం మంది ఆడవాళ్లు నర్సరీల్లో సంచులకు మట్టి నింపుతారు, మిగతా సగం పూల మార్కెట్టు మీద బతుకుతారు. నా టైలరింగ్ షాపు రూతు పిన్ని అరుగుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఆవిడ గురించి నాకు తెలియనిది తక్కువ. తెలియనిది ఉంటే అడిగేస్తాను, ఆవిడా దాచదు.

పావడా కట్టుకునే వయసు నుంచి రూతు పిన్ని పని దండలు కట్టడమే. ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లలో మార్చుకున్న దండలు ఎన్నో ఆవిడ చేతివే. గుళ్లకు వెళ్లే దండలూ ఆవిడ చేతివే, ఏ దేవుడూ ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు. నాయకులు వస్తే క్రేనుకు వేలాడదీసే గజమాలలకు కూడా ఆవిడనే పిలుస్తారు. పొద్దున ఒక పార్టీకి కట్టి, సాయంత్రం దానికి బద్ధశత్రువైన పార్టీకి కట్టేది. ఎవరైనా ఎకసెక్కం చేస్తే, "బంతిపువ్వుకి పార్టీ ఏంటే" అనేది.

దండ అన్నాక అడుగున కుచ్చు ఉంటుంది. పెళ్లికొడుక్కి గులాబీల కుచ్చు, నాయకుడికి జరీ కుచ్చు, దేవుడికి మరువం కుచ్చు. ఒక్క దండకే కుచ్చు ఉండదు, శవపెట్టె మీద పరిచే దండకి. పరిచే దండకి వేలాడేది ఎందుకు? మా మార్కెట్లో ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, చూసి తెలుసుకుంటారు.

ఆవిడ మొగుడు సామ్యేలు బాబాయి. అన్నిటిలోనూ ఆవిడకి వ్యతిరేకం. ఆవిడ మాట్లాడితే కాలవ అవతలికి వినిపిస్తుంది, ఆయన మాట్లాడితే పక్కనున్న వాడికి కూడా అనుమానమే. పగలు నర్సరీలో మొక్కలు లారీలకెక్కించేవాడు, ఆదివారాలు చర్చి గంట కొట్టేవాడు. ఆయన చేసిన పెద్ద చప్పుడు ఆ గంటే. ఫొటో అంటే మాత్రం ఆయనకి ఏదో అయ్యేది. కెమెరా నొక్కే క్షణానికి సరిగ్గా కదిలిపోయేవాడు. పెళ్లి ఫొటోలో పిన్ని నిలువుగా, స్పష్టంగా ఉంటుంది, పక్కన ఆయన పొగలాగా ఉంటాడు. చర్చి గ్రూపు ఫొటోల్లోనూ అంతే. కదలకుండా దొరికింది ఆధార్ కార్డు వాళ్లకొక్కళ్లకే, అందులో ఆయన కోడిని దొంగిలించి పట్టుబడినవాడిలా ఉంటాడు.

సాయంత్రాలు అరుగు మీద ఆవిడ దండలు కడుతుంటే ఆయన పువ్వులు అందించేవాడు. అప్పుడప్పుడు ఉన్నట్టుండి అనేవాడు.

"ఊళ్లో ప్రతివాడికీ కట్టావు. నాకెప్పుడు కడతావు?"

"పెళ్లిలో వేశానుగా."

"అది రాజమండ్రిలో కొన్నదే. నువ్వు కట్టింది కాదు."

"నువ్వూ ఎమ్మెల్యేవి అవ్వు, కడతాను."

ఇద్దరూ నవ్వుకునేవారు. నా మిషను దగ్గరికి ఆ మాటలు వినపడేవి, నేనూ నవ్వుకునేదాన్ని. ఆవిడ కట్టలేదు, ఆయన అడగడం మానలేదు.

ఆ ఎన్నికల వేసవిలో సామ్యేలు బాబాయి లారీకి మొక్కలెక్కిస్తూ గుండె పట్టుకుని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. మర్నాడు భూస్థాపన. ఏడ్చేవాళ్లని ఏడవనిచ్చి రూతు పిన్ని మార్కెట్టు నుంచి లిల్లీపూలు తెప్పించుకుని సూది పట్టుకుంది. మేం కడతామని ఎవరైనా దగ్గరికొస్తే కసిరింది. ఆ దండ నేను చూశాను. పువ్వుకి పువ్వు ఒరుసుకుని, సందు లేకుండా, చేతికి చల్లగా, బరువుగా ఉంది. అడుగున కుచ్చు లేదు. పొద్దున్నే పెట్టె మీద వేస్తే ఎండకి వాడిపోతుందని, సమాధుల తోటలో వేస్తానని తడిగుడ్డలో చుట్టి చేతిలోనే పట్టుకుంది.

మా సమాధుల తోట కాలవ రోడ్డుకి అవతల ఉంది. పెట్టె ఆ రోడ్డు దాటాలి. సరిగ్గా అదే వేళకి అధ్యక్షుల వారి రోడ్ షో వచ్చింది. ఇటు తాళ్లు, అటు పోలీసులు, మధ్యలో జనం, గుండెలదిరేలా డీజే. మోస్తున్నవాళ్లు పెట్టెను భుజాల మీదే పెట్టుకుని గట్టు మీద నిలబడిపోయారు. పాస్టరు ఐజాక్ గారు పోలీసుల్ని బతిమాలారు. బండి కదిలాకే అన్నారు. బండి కదలడం లేదు, ఎందుకంటే కెమెరా వాళ్లు కోణం చూసుకుంటున్నారు.

రూతు పిన్ని ఊరుకునే మనిషి కాదు. గుడ్డ విప్పేసి, దండ చేత్తో పట్టుకుని, తాడు కిందుగా దూరి, తిన్నగా బండి దగ్గరికి నడిచింది. దారి అడుగుదామని.

మా వైపు రోడ్డు మీద దండ పట్టుకుని నిలబడ్డ మనిషిని ఏ కార్యకర్తా ఎందుకొచ్చావని అడగడు. నాయకుడు వచ్చిన రోజు దండ ఉన్నదంటే అది నాయకుడి కోసమే. మా మండలంలో ఆ పార్టీకి పెద్దదిక్కు బుల్లిరాజు. ఆయన పిన్నిని చూడగానే, "అవ్వ దండ తెచ్చింది, తప్పుకోండి" అని జనాన్ని తోసి ఆవిడని బండి మెట్టు ఎక్కించాడు. అందరూ బంతిపూల దండలు తెస్తుంటే ఈవిడ తెల్లదండ తెచ్చిందని కెమెరా వాళ్లకి కూడా ముచ్చటేసింది. ఆవిడ ఏదో చెబుతోంది. డీజే హోరులో ఎవరికీ వినపడలేదు. అధ్యక్షుల వారు నవ్వుతూ మెడ వంచారు. బుల్లిరాజు ఆవిడ రెండు మోచేతులూ పట్టి పైకెత్తాడు. దండ ఆ మెడలో పడింది. అప్పుడు ఏడ్చింది రూతు పిన్ని. మొగుడు పోయినప్పటి నుంచి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఆయన కండువాతో తుడిచారు.

బండి వెళ్లిపోయింది. దండ కూడా వెళ్లిపోయింది. సామ్యేలు బాబాయిని దండ లేకుండా మట్టిలో పెట్టాం.

ఆవిడ నోరు మూసుకుని ఉండిపోయిందనుకుంటున్నారేమో. మర్నాడు టీవీ వాళ్లు మైకు పట్టుకుని వస్తే ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్లు బుద్ధిగా తలూపారు. రాత్రి వార్తల్లో ఆవిడ పెదవులు కదిలాయి, పైన వేణువు పాట వచ్చింది. ఆవిడ వెళ్లి బుల్లిరాజుని కడిగేసింది. "పోనీలే రూతమ్మా, రాష్ట్రమంతా నిన్ను చూస్తోందిగా" అన్నాడు. మార్కెట్లో మాత్రం దండలు కట్టే ప్రతి ఆడదీ టీవీలో ఆ దండ అడుగు చూసి నోటి మీద చెయ్యేసుకుంది. చచ్చినవాడి దండ మెడలో వేసుకుని ఊరేగుతున్నావయ్యా అని అంత పెద్ద మనిషికి ఎవరు చెబుతారు?

తమాషా ఏమిటంటే, ఆ ఎన్నికల్లో వాళ్లు ఊడ్చేశారు. అధ్యక్షుల వారికి సెంటిమెంట్లు జాస్తి. ఆ తెల్లదండ తనకి అచ్చొచ్చిందని నమ్మారు. అప్పటి నుంచి ఏ ప్రచారం మొదలుపెట్టినా ముందు లిల్లీపూల దండ, అదీ కుచ్చు లేకుండా. ఆయన్ని చూసి జిల్లా నాయకులు, వాళ్లని చూసి వార్డు మెంబర్లు. చూస్తుండగానే ఒక పార్టీ పార్టీయే శవపెట్టెల దండలు వేసుకుని తిరిగింది. మా మార్కెట్టు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది.

రూతు పిన్ని నవ్వలేదు. ఆ బొమ్మ ఉన్న ఫ్లెక్సీ ఒకటి గాలికి ఊడిపోతే ఎవరో తెచ్చి నర్సరీలో పరిచారు. దాని మీద కూర్చుని, తన ముఖం మీదే కూర్చుని, ఆవిడ పువ్వులు ఏరేది. ఏటా సమాధుల పండక్కి పేటంతా సమాధులకు సున్నం వేసి దండలు వేస్తారు. ఆవిడ మాత్రం సామ్యేలు బాబాయి సమాధి మీద విడిపూలు చల్లి వచ్చేసేది. రాష్ట్రానికి దండలు కట్టే మనిషి మొగుడికి విడిపూలు చల్లడం చూడలేక ఓసారి అడిగాను.

"ఆయనకి నేను కట్టింది ఒకటే దండ. అది వాళ్ల దగ్గరుంది. అది తిరిగిచ్చేదాకా ఇంకోటి కట్టను," అంది.

"వాడిపోయి ఎప్పుడో మట్టయిపోయుంటుంది పిన్నీ."

"పువ్వులు కాదే. అది ఆయనదని వాళ్ల నోటితో ఒప్పుకోవాలి. లేదా వాళ్ల టీవీలో నేనే చెప్పాలి. అప్పుడు కడతాను."

జరగని పని కోరుకుంటోందని నాకనిపించింది. ఆవిడతో అనలేదు, అంటే నా షాపుకి తాళం వేయించేది.

కిందటేడు చలికాలంలో బుల్లిరాజు కారేసుకుని మా వీధికి వచ్చాడు. వెంట హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి, సుప్రియ. జీన్సు ప్యాంటు, భుజాన బరువు సంచి, ఎండకి కమిలిన ముఖం. అధ్యక్షుడిగా ఆయన పదేళ్ల ప్రస్థానం మీద టీవీ కోసం డాక్యుమెంటరీ తీస్తోందట. అందులో ఈ దండ సీను ప్రాణం అట. అధ్యక్షుల వారు స్వయంగా వస్తారు, అదే చోట, అదే దండ, అదే చేతులు.

"రూతమ్మ గారండి, మీరు కాదనకూడదు," అన్నాడు బుల్లిరాజు. ఆయన నోట ఆవిడకి గారు, అండి రావడం నేనదే వినడం.

"ఆ దండ ఎవరికి కట్టానో మీకు తెలుసు కదండి బుల్లిరాజు గారూ."

ఆయన గబగబా వీధి అటూ ఇటూ చూశాడు. "ఆయ్, తెలుసండి. తెలియక కాదు. మెల్లగా మాట్లాడండి. అయ్యగారికి ఆ సంగతి తెలిస్తే నా బతుకు ఏమవుతుందో మీకు తెలియదు."

"నా మొగుడి బతుకు ఏమైందో మీకు తెలుసా?"

సుప్రియకి ఏమీ అర్థం కాలేదు. ఆమె తన ధోరణిలో తాను అరుగు మీద కూర్చుని లాప్‌టాప్ తీసింది. "అమ్మా, ఆ రోజు మీ ఫీలింగ్ ఎలా ఉందో ఒకసారి చూస్తే మళ్లీ అలాగే చేయొచ్చు. ఇది ఎడిట్ చేయనిది, మొత్తం ఉంది," అని నొక్కింది. నేను కత్తెర పక్కన పడేసి వచ్చి వెనక నిలబడ్డాను.

అందులో వేణువు లేదు. డీజే హోరు ఉంది, ఆ హోరు కింద, పక్కనే ఉన్న మైకులో పడిందేమో, రూతు పిన్ని గొంతు ఉంది. "బాబూ, దారి ఇప్పించండి బాబూ. మా ఆయన పెట్టె ఆగిపోయింది." రెండుసార్లు అంది. బొమ్మలో ఓ మూల, బంతిపూల వెనక, కాలవ గట్టు కనపడుతోంది. దాని మీద నల్లగుడ్డ కప్పిన పెట్టె, మోస్తున్న నలుగురు, గొడుగు పట్టుకున్న ఐజాక్ గారు. మేం టీవీలో వెయ్యిసార్లు చూసిన బొమ్మలో ఆ మూల లేదు. అక్కడిదాకా కత్తిరించేశారు.

రూతు పిన్ని వేలుతో ఆ మూల తాకింది. "ఈయన్ని ఎందుకు తీసేశారు?"

సుప్రియ బుల్లిరాజు వంక చూసింది, ఆయన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. "నేను కాదమ్మా. అప్పుడు వేరేవాళ్లు చేశారు. నేను మిమ్మల్ని మాత్రమే చూశాను, ఆ మూల చూడలేదు," అంది.

"ఇప్పుడు మీరు పెడతారా?"

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "ఫిల్ము వాళ్లదమ్మా. వాళ్లు చూసి సరే అంటేనే బయటికి వెళ్తుంది."

"మరి దీన్ని ఏమంటారన్నారు?"

"డాక్యుమెంటరీ."

"అంటే ఏంటమ్మా?"

"జరిగింది జరిగినట్టు చూపించేదమ్మా," అంది సుప్రియ, చెబుతూనే తలదించుకుంది.

రూతు పిన్ని నవ్వింది. కాలవ అవతలికి వినపడేలా నవ్వింది. ఆ నవ్వు అయ్యాక చీర కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే, కడతాను," అంది. "లిల్లీపూలు నేనే ఏరుకుంటాను. చోటు మాత్రం అదే ఉండాలి. సమాధుల తోట దారి మొదలయ్యే చోట. మీ అయ్యగారి వీపు ఆ దారి వైపు ఉండాలి."

అచ్చం ఆ రోజులాగానే ఉంటుందని వాళ్లు ఎగిరి గంతేశారు. బుల్లిరాజు ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. వాళ్లు వెళ్లగానే అడిగేశాను.

"తిరిగిచ్చేదాకా కట్టనన్నావు. కారు వచ్చేసరికి కట్టేస్తున్నావా పిన్నీ?"

"నీ పని నువ్వు చూసుకోవే. నా తెల్లచీర జాకెట్టు బిగువైంది, కాస్త వదులు చెయ్యి," అంది. నేను దాన్ని వదులు చేస్తూ కూడా తిట్టుకుంటూనే ఉన్నాను.

షూటింగ్ రోజు పొద్దున్నే కాలవ రోడ్డు జాతర అయిపోయింది. అసలు రోడ్ షోకి వచ్చినంత జనం రాలేదు కాబట్టి వ్యానుల్లో తెచ్చారు. జెండాలు పంచారు. ఎవరు ఎక్కడ ఈల వెయ్యాలో కూడా చెప్పారు. రూతు పిన్ని ఒడిలో తడిగుడ్డ, అందులో దండ. పువ్వుకి పువ్వు ఒరుసుకుని, సందు లేకుండా, కుచ్చు లేకుండా. ఆ పాత దండకి ఇది తోబుట్టువు. దాన్ని చూస్తే నా కోపం ఇంకా ఎక్కువైంది. ఇంత బాగా కట్టాలా వీళ్లకి?

రిహార్సల్ చేద్దామన్నారు. అధ్యక్షుల వారి స్థానంలో బుల్లిరాజు మెడ వంచి నిలబడ్డాడు. పిన్ని గుడ్డ విప్పలేదు. "దండ నలిగిపోతుందండి. ఒకేసారి వేస్తాను," అంది. సుప్రియ వచ్చి ఆవిడ చీరకి చిన్న మైకు తగిలించింది. తగిలిస్తూ ఏదో గొణిగింది. ఏమందని తర్వాత అడిగితే, "ఈసారి మీ గొంతు నా దగ్గర ఉంటుందమ్మా అంది" అని చెప్పింది పిన్ని.

అధ్యక్షుల వారు కారు దిగారు. టీవీలో కన్నా చిన్నగా ఉన్నారు, ముఖాన పౌడరు మీద చెమట పట్టింది. డీజే లేదు, మాటలు సరిగ్గా రికార్డు కావాలట. అందుకని అంత జనంలోనూ కాలవ నీళ్ల చప్పుడు వినపడుతోంది. ఆయన రెండు చేతులూ జోడించి, "అమ్మా, బాగున్నారా? మీరు దండ వేసిన వేళ మంచిది," అన్నారు. అని మెడ వంచారు.

రూతు పిన్ని గుడ్డ విప్పింది. దండ రెండు చేతుల మీదా పరుచుకుంది. ఎత్తలేదు.

"ఇది మీది కాదండి," అంది.

ఆయన వంచిన మెడ వంచినట్టే ఉంది. మొదట ఆయనకి అర్థం కాలేదనుకుంటాను.

"ఆ రోజు వేసింది కూడా మీది కాదండి. మా ఆయన పెట్టె మీదకి కట్టుకున్నాను. పెట్టె అదిగో, ఆ గట్టు మీద ఆగిపోయింది. మీ బండి అడ్డం ఉంటే దారి అడగడానికి వచ్చాను. మీ మనిషి నా చేతులెత్తి మీ మెడలో వేయించాడు. మా ఆయన దండ లేకుండా వెళ్లాడు. అప్పటి నుంచి మీరు వేసుకుని తిరిగేది ఆయన దండేనండి. కుచ్చు లేని దండ మేం శవానికే కడతాం."

ఆయన చెయ్యి గబుక్కున మెడ మీదకి వెళ్లింది. మెడలో ఏమీ లేదు, అయినా తడుముకున్నారు. బుల్లిరాజు "కట్, కట్" అని అరిచాడు, ఆ మాట అనాల్సింది సుప్రియ. సుప్రియ అనలేదు. ఈల వెయ్యాల్సినవాళ్లు నోట్లో వేళ్లు పెట్టుకుని అలాగే ఉండిపోయారు.

"ఆ రోజు ఇవ్వలేదు. ఇవాళైనా దారి ఇవ్వండి," అంది రూతు పిన్ని. అరవలేదు. మామూలుగా, మార్కెట్లో బండి వాడిని అడిగినట్టు అడిగింది.

అధ్యక్షుల వారు చుట్టూ ఉన్న కెమెరాలు చూశారు. అన్నీ ఆయన వైపే ఉన్నాయి. ఒక అడుగు పక్కకి వేశారు. ఆయన వెనకే సమాధుల తోట దారి. రూతు పిన్ని ఆయన్ని దాటుకుని ఆ దారిలో నడిచింది.

నేను నిలబడలేకపోయాను. జెండా పట్టుకోమని నా చేతిలో పెట్టిన కర్ర అక్కడే పడేసి వెనక నడిచాను. నా వెనక మా వీధి ఆడవాళ్లు, వాళ్ల వెనక మార్కెట్టు వాళ్లు. వ్యానుల్లో వచ్చిన వాళ్లు కూడా కొందరు వచ్చారు, ఎందుకొస్తున్నారో వాళ్లకి తెలుసో లేదో. అంతసేపూ పిన్నిని మనసులో తిట్టుకున్నది గుర్తొచ్చి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సామ్యేలు బాబాయి సమాధి దగ్గర ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని సిలువ మీదుగా దండ పరిచింది. పువ్వులు సర్దింది. "ఇదిగో. నేను కట్టిందే," అంది. అంతే అంది.

ఆ తర్వాత సంగతులు మీరూహించుకోగలరు. ఆ పార్టీలో లిల్లీదండలు ఉన్నట్టుండి మాయమైపోయాయి. మళ్లీ బంతి, జరీ కుచ్చులు. బుల్లిరాజు పదవి ఉందో ఊడిందో తెలియదు కానీ, ఆవిడకి పెట్టిన గారు, అండి మాత్రం ఊడిపోయాయి. "ఏం రూతమ్మా, ఎంత పని చేశావు" అన్నాడు ఓ రోజు మార్కెట్లో. "ఏంటి బుల్లిరాజూ, ఏం చేశాను" అంది ఆవిడ. మార్కెట్టంతా విన్నది.

సినిమా మాత్రం మానేస్తారనుకున్నాం. మానలేదు. మొన్న ఎండల్లో ఓ ఆదివారం సాయంత్రం టీవీలో వేశారు. నా షాపులో చిన్న టీవీ ఉంది కాబట్టి వీధంతా అక్కడే చేరింది. రూతు పిన్నికి మిషను ముందు స్టూలు వేశాను. అధ్యక్షుల వారి బాల్యం వచ్చింది, ఉద్యమాలు వచ్చాయి, హెలికాప్టర్లు వచ్చాయి. చివరికి మా కాలవ రోడ్డు వచ్చింది. పిన్ని నడిచి వస్తోంది. ఆయన ఎదురుగా నిలబడింది. పెదవులు కదిలాయి. మాట లేదు. మళ్లీ వేణువు.

వేణువు మీద ఒక మగగొంతు చెబుతోంది. జనం నడిచే దారికి తాను ఎన్నడూ అడ్డు నిలవని నాయకుడట. ఒక సామాన్యురాలు దారి అడిగితే వినయంగా పక్కకి తప్పుకున్న అధ్యక్షుడట. ఆ తల్లి వెనక కదిలిన జనసంద్రం ఆయన మీద నమ్మకమట. దీన్ని కూడా తినేశారు. మెడ మీద చెయ్యి వేసుకున్న ముక్క లేదు, "ఇది మీది కాదండి" లేదు. పిన్ని వంక చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"వినీలా, ఆ రిమోటు ఇలా ఇవ్వు," అంది రూతు పిన్ని.

ఛానలు మార్చేస్తుందనుకుని ఇచ్చాను. ఆవిడ మార్చలేదు. బటన్లు వెతుక్కుని టీవీ గొంతు ఆపేసింది. వేణువు పోయింది, మగగొంతు పోయింది. బొమ్మ ఒక్కటే మిగిలింది. మా వీపులన్నీ ఆ దారిలో నడుస్తున్నాయి. ఆ తర్వాత సమాధుల తోట. కావాలనే ఉంచిందో, కత్తిరించడానికి వీల్లేక ఉంచిందో తెలియదు కానీ, ఈసారి సుప్రియ బొమ్మ అంచుల దాకా ఉంచింది. తెల్లటి దండ, దాని వెనక సున్నం వేసిన సిలువ, సిలువ మీద నల్లటి అక్షరాల్లో సామ్యేలు. అక్షరాలు వచ్చినవాళ్లందరూ లోలోపల చదువుకున్నారు. రానివాళ్లకి పక్కవాళ్లు చెప్పారు. ఆ బొమ్మ చాలాసేపు నిలిచింది.

రూతు పిన్ని స్టూలు మీంచి ముందుకు వంగి, ముఖం టీవీకి దగ్గరగా పెట్టి చూసింది.

"ఈసారి కదలకుండా ఉన్నాడు," అంది.